పానిక్ బార్ ఏ తలుపుకు పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

నేను పనిచేసేది హైదరాబాద్‌లో, రాసేవి మాత్రం ఎక్కువగా అమెరికా భవనాల డోర్ షెడ్యూళ్లు, అంటే ఏ తలుపుకు ఏ తాళం, హ్యాండిల్ లాంటి హార్డ్‌వేర్ రావాలో చెప్పే పట్టికలు. అక్కడ చాలాచోట్ల ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్, అంటే ఐబీసీ, అమల్లో ఉంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు తడబడేది ముఖ్యంగా పానిక్ బార్ దగ్గరే. తలుపుకు అడ్డంగా ఉండి, ఒంటితో నెట్టినా లాచ్‌ను, అంటే తలుపు మూయగానే పడే గడియను, వదిలేసే కడ్డీ అది.

అపోహ: ఎగ్జిట్ బోర్డు ఉన్న ప్రతి తలుపుకూ పానిక్ బార్ పెట్టాల్సిందే.

కాదు. ఆ తలుపు ఎలాంటి చోటుకు, ఎంతమందికి దారి ఇస్తోందో చూడాలి. సినిమా హాళ్లు, రెస్టారెంట్ల లాంటి జనం చేరే చోట్లు, స్కూళ్లు అయితే 50 మంది లేదా అంతకు మించి లెక్కకు వస్తే కావాలి. ప్రమాదకర పదార్థాలున్న హై హజార్డ్ భవనాల్లో ఈ తలల లెక్కతో పనిలేదు, ఎంతమంది ఉన్నా కావాలి. మామూలు ఆఫీసు అంతస్తులో మెట్ల తలుపుకు లీవర్ హ్యాండిల్ సరిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. నియమం లాచ్ గానీ తాళం గానీ ఉన్న తలుపులకే. ఊరికే నెడితే తెరుచుకునే తలుపుకు పానిక్ బార్ అక్కర్లేదు, విడిపించడానికి అక్కడ ఏమీ లేదు కదా.

అపోహ: మాది ఆఫీసు, ఈ గొడవ మాకు లేదు.

నాకు ఎక్కువ మెయిళ్లు రాయించేది ఈ మాటే. 400 చదరపు అడుగుల ట్రైనింగ్ రూమ్ తీసుకోండి. బల్లలు, కుర్చీలు వేస్తే మనిషికి 15 చదరపు అడుగుల లెక్కన సుమారు 27 మంది. బల్లలు తీసేసి ఒట్టి కుర్చీలు వరసగా వేస్తే మనిషికి 7 చొప్పున 57 మంది. గది అదే, గోడలు అవే, కానీ ఇప్పుడది జనం చేరే చోటు. ఫర్నిచర్ ప్లాన్ చూడకుండా హార్డ్‌వేర్ రాయొద్దని నేను పోరేది ఇందుకే.

'గదికి రెండు తలుపులున్నాయి, ఒక్కోదాన్నుంచి 29 మందే కదా వెళ్లేది' అని పంచుకోవడం కుదరదు. లెక్క గదిది, తలుపుది కాదు. పైగా గది తలుపుతోనూ అయిపోదు. వాళ్లు బయటపడేదాకా కారిడార్‌లో, మెట్ల దగ్గర, కింద వచ్చే లాచ్ ఉన్న తలుపులన్నీ చూసుకోవాలి. మొదటి తలుపుకు బార్ రాసి మిగతావి మర్చిపోయిన షెడ్యూళ్లు ఎన్ని దిద్దానో!

అపోహ: మనుషులు ఉండని గదికి అక్కర్లేదు.

ఎలక్ట్రికల్ రూమ్ సంగతి వేరే. 800 ఆంపియర్లు, ఆపై స్విచ్‌గేర్ (కరెంటు స్విచ్‌లు, బ్రేకర్లు ఉండే పెట్టెలు) ఉండి, దాని ముందు పనిచేసే చోటు నుంచి 25 అడుగుల లోపు తలుపు ఉంటే పానిక్ బార్ కావాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. ఆర్క్ ఫ్లాష్‌లో, అంటే కరెంటు ఒక్కసారిగా మంటలా పేలినప్పుడు, చేతులు కాలిన ఎలక్ట్రీషియన్ నాబ్ తిప్పలేడు, నడుముతో నెట్టగలడు.

అపోహ: ఫైర్ డోర్‌కు ఏ బార్ అయినా ఒకటే.

ఫైర్ డోర్ అంటే మంటలు పక్కకు పాకకుండా ఆపే తలుపు. దానికి ఫైర్ ఎగ్జిట్ హార్డ్‌వేర్ అనే, మంటలకు పరీక్షించి రేటింగ్ ఇచ్చిన రకమే వాడాలి. మామూలు బార్‌ను అలెన్ కీతో నొక్కిపెట్టి రోజంతా లాచ్ పడకుండా ఉంచొచ్చు, దీనికి ఆ సౌకర్యం ఉండదు. మంటల్లో తలుపు లాచ్ పడి మూసుకుని ఉండాలి.

అపోహ: బార్ ఉంటే దొంగలు వచ్చేస్తారు, గొలుసు వేస్తే సేఫ్.

1903 డిసెంబర్ 30న చికాగోలోని ఇరాక్వాయ్ థియేటర్ మంటల్లో 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని దారులకు తాళాలున్నాయి, కొన్ని తలుపుల గడియలు ఎలా తీయాలో జనానికి తెలియలేదు. ఆ తర్వాత 1908లో వాన్ డుప్రిన్ అనే బ్రాండ్ పానిక్ బార్ అక్కడి మార్కెట్లోకి వచ్చింది.

ఇక్కడ మన ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాల్లో తళతళలాడే పానిక్ బార్‌కు గొలుసు చుట్టి తాళం వేసి ఉండటం చూశాను. అడిగితే, "తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందండీ" అన్నారు. ఎగ్జిట్ తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతుంది. గొలుసు తీయించి, బయటివైపు కీ సిలిండర్ ఉన్న హ్యాండిల్ పెట్టమన్నాను. బయట తాళం పడే ఉంటుంది, లోపలి నుంచి నెడితే వస్తుంది.