పీచు దశలోనే తేలిపోయే గింజ నాణ్యత

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలైన ఇండియానా, ఒహైయో, మిచిగన్ ప్రాంతాల్లో మొక్కజొన్న లారీ, ధాన్యం కొని నిల్వచేసే ఎలివేటరు దగ్గర ఆగగానే, పైనుంచి ఒక గొట్టం దిగి సరుకులో నాలుగైదు చోట్ల గుచ్చి నమూనా తీస్తుంది. తేమ, విరిగిన గింజలు, బుషెల్ (అక్కడ ధాన్యం కొలిచే కొలత) బరువు అక్కడికక్కడే తేలుతాయి. బుషెల్ కనీసం 54 పౌండ్లు తూగి, దెబ్బతిన్న గింజలు 5 శాతం లోపు ఉంటేనే ఆ సరుకును రెండో గ్రేడు పసుపు మొక్కజొన్నగా కొంటారు. కంకికి బూజు తెగులు సోకిన ఏడాది ఈ పరీక్షలు చాలవు, ఆ బూజు గింజలో వదిలే వామిటాక్సిన్ అనే విషాన్ని కూడా కొలవాలి. 2018లో ఈ రాష్ట్రాల రైతులు అలాంటి ఏడాదినే చూశారు.

1972లో వాయవ్య ఒహైయోలో పండిన మొక్కజొన్న పందులకు వాంతులు తెప్పించగా, ఇల్లినాయ్‌లోని పియోరియా ప్రభుత్వ ప్రయోగశాల శాస్త్రవేత్తలు దానికి కారణమైన పదార్థాన్ని వేరుచేసి, 1973లో వామిటాక్సిన్ అని పేరు పెట్టారు.

ఈ విషాన్ని తయారుచేసే శిలీంధ్రం ఫ్యుజేరియం గ్రామినియారమ్. నిరుటి మొక్కజొన్న చొప్ప మీద, గోధుమ మోళ్ల మీద అది చలికాలం గడుపుతుంది. దాని బీజాలు గాలిలో పక్క పొలాల నుంచి కూడా వచ్చిపడతాయి కాబట్టి, తన చేలో పంట మార్చినంత మాత్రాన రైతుకు పూర్తి రక్షణ దొరకదు. కంకిలో ప్రతి గింజకూ ఒక పీచు పోగు ఉంటుంది. పుప్పొడి ఏ పోగు వెంట లోపలికి వెళ్తుందో బూజు కూడా ఆ పోగు వెంటే వెళ్తుంది. పీచు వేసిన రోజుల్లో చల్లగా ముసురు పట్టిందంటే, కొన నుంచి మొదలుకు గులాబీ రంగు బూజు పాకుతుంది. తెల్ల బూజు మొదలు నుంచి పైకి వస్తే అది డిప్లోడియా, వేరే తెగులు. ఎండలు మండి, వానలు లేని ఏడాది కనిపించే ఆకుపచ్చ పొడి ఆస్పర్జిల్లస్ అనే మరో బూజుది. అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మరింత ప్రమాదకరం.

ట్రయజోల్ అనే బూజు నివారణ మందును పీచు వేసిన కొద్ది రోజుల్లోనే చల్లాలి. బూజు కంటబడ్డాక చల్లితే డబ్బు దండగ. ఆ అదను దాటాక రైతు చేతిలో మిగిలేది నష్టాన్ని పెరగకుండా ఆపడమే. గింజను ఆరబెట్టే యంత్రానికి వాడే ప్రొపేన్ గ్యాస్ ఖర్చుకు వెనకాడి పంటను చేలోనే ఎండనివ్వాలన్న ఆశ సహజమే గానీ, తెగులు సోకిన చేను విషయంలో అది పొదుపు కాదు. తేమ 20 నుంచి 25 శాతం ఉండగానే కోసి, యంత్రంలో 15 శాతానికి దించడం మేలు. బూజు పట్టిన గింజ తేలికగా ఉంటుంది కాబట్టి కోత యంత్రంలో పంకా వేగం పెంచితే, మన కళ్లాల్లో తూర్పారబట్టినప్పుడు తాలు ఎగిరిపోయినట్టే, అందులో కొంత పొలంలోనే ఎగిరిపోతుంది. ఆరబెడితే బూజు పెరుగుదల ఆగుతుంది, అప్పటికే గింజలో చేరిన విషం మాత్రం అలాగే ఉంటుంది. ఈ తేడా తెలియకే చాలామంది మోసపోతారని నా అభిప్రాయం.

ఇథనాల్ కర్మాగారంలో లెక్క ఇంకా కఠినం. అక్కడ పిండిపదార్థం మద్యసారంగా మారిపోగా, మేతగా అమ్ముకునే పిప్పిలో విషం దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. పందుల మేతలో కలిపే ధాన్యంలో వామిటాక్సిన్ పదిలక్షల పాళ్లకు 5 మించరాదనీ, ఆ ధాన్యం మొత్తం మేతలో 20 శాతం దాటరాదనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచన. 2 పాళ్లున్న మొక్కజొన్న ఆ గీత లోపలే ఉన్నా, దాని పిప్పి 6 పాళ్లకు చేరి గీత దాటుతుంది. అందుకే కర్మాగారం కొనేటప్పుడే ధర కోస్తుంది, లేదా లారీని వెనక్కి పంపుతుంది.

పంట బీమా నిబంధన కూడా ఇక్కడే ముడిపడి ఉంది. విషం వల్ల నాణ్యత తగ్గిందని పరిహారం కోరాలంటే, ధాన్యం రైతు సొంత గాదెలోకి చేరకముందే, అమ్మకంతో సంబంధం లేని వ్యక్తి నమూనా తీయాలి. అందువల్ల జాగ్రత్తపరులైన రైతులు కోతకు ముందే చేలో తిరిగి, అక్కడక్కడ కంకుల పొత్తి ఒలిచి కొనలు చూసుకుని, గులాబీ రంగు కనబడితే యంత్రాన్ని దించకముందే బీమా ఏజెంటుకు ఫోన్ చేస్తారు.