చెరువులో దిగే ముందు

మే నెల బెజవాడ ఎండకి తట్టుకోలేక కుర్రాళ్లు బైకులేసుకుని ఈతకి కొండపల్లి అడవి వైపు పోతారు, గుంటూరు వాళ్లకైతే క్వారీ గుంతలు ఉండనే ఉన్నాయి. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం, అది అటుంచండి. ఆరుబయట ఈత గురించి యూట్యూబ్‌లో దొరికే జాగ్రత్తలు చాలావరకు చలిదేశాలవి. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దూకగానే అసంకల్పితంగా ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగేస్తారని వాళ్ల భయం. వేసవిలో మనకి ఆ టెన్షన్ లేదు. మన చెరువుల్లో ప్రమాదం అడుగున ఉంటుంది.

కట్ట దగ్గర లోతు, ఎగువకి పోయేకొద్దీ మెరక అన్నది పాత లెక్క. ఇప్పుడు నీళ్లు తగ్గగానే పొక్లెయిన్లు దింపి మట్టి తవ్వుకుపోతున్నారు కాబట్టి, మోకాలి లోతులో నడుస్తున్నవాడికి తర్వాతి అడుగే రెండు నిలువుల గుంత కావచ్చు, పైకి మాత్రం నీళ్లంతా ఒకేలా కనిపిస్తాయి. తేటగా ఉన్నాయి కదా, అడుగు కనిపిస్తోంది కదా అంటారేమో. నీళ్లలోంచి గాల్లోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది. సరిగ్గా పైనుంచి చూస్తేనే నాలుగు అడుగుల లోతు మూడడుగుల్లా అనిపిస్తుంది, గట్టు మీంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. అందుకే తలకిందులుగా దూకేవాళ్ల మెడలు విరిగేది. వెదురు కర్రతో పొడిచి చూసుకుంటూ దిగండి, అంతకంటే ముందు అక్కడ గేదెలు కాసేవాళ్లని అడగండి.

తూము దగ్గరికి మాత్రం అసలు పోకండి. రెండు మీటర్ల లోతులో, అడుగు వెడల్పు అడుగు ఎత్తు ఉన్న తూముకి మనిషి ఒళ్లు అడ్డం పడిందనుకోండి, అవతల ఖాళీగా ఉంటే నీళ్లు దాదాపు 180 కిలోల బరువుతో అతన్ని నొక్కిపట్టేస్తాయి. గజ ఈతగాడైనా విడిపించుకోలేడు.

ఇక మునగడం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మన ఒళ్లు నీటికంటే కాస్త తేలిక, చాలామంది తేలతారు, కానీ తేలే భాగం చాలా కొంచెం. చేతులు పైకెత్తితే నీళ్లలో ఉండాల్సిన బరువు గాల్లోకి వస్తుంది, అంతే బరువుకి తల కిందికి పోతుంది. నాచులోనో తామర కాడల్లోనో కాలు చిక్కినా, అలసిపోయినా, వెల్లకిలా పడుకుని చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చి ఊపిరి పీల్చుకోవడమే దారి. గింజుకునేకొద్దీ కాడలు ఇంకా బిగుస్తాయి.

మునిగేవాడు కేకలు పెడతాడని చూస్తూ కూర్చోకండి, ఊపిరికే గాలి చాలనప్పుడు కేక ఎక్కడినుంచి వస్తుంది? ఈత రానివాడు కాపాడ్డానికి దూకితే ఇద్దరూ పోతారు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల వాటర్ టిన్నుకి తాడు కట్టి విసిరితే చాలు, అది దాదాపు 20 కిలోల బరువుని తేలుస్తుంది, తల పైకి ఉండడానికి అందులో పావు వంతు కూడా అక్కర్లేదు. కాబట్టి వెళ్లేటప్పుడు బిర్యానీ పొట్లాలతో పాటు అదీ తీసుకెళ్లండి. (మందు సీసాలు వద్దని వేరే చెప్పాలా?)

ఒడ్డుకి లాగాక పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు. దానివల్ల పొట్టలోవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి ఆడకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊది, ఆ తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. పక్కనున్నవాళ్లు ఈలోగా 108కి ఫోన్ చేయాలి.