సంఘ పుస్తకంలో పేరెక్కడం వెనుక

తెలుగు బాప్తిస్టు సంఘాల్లో ఎన్నికలు దగ్గరపడ్డాయంటే ముందుగా బయటికి తీసేది సభ్యుల రిజిస్టరు. ఫలానా ఆయన ఊరు విడిచి పదేళ్లయింది, ఓటెలా ఉంటుంది? ఈవిడ బాప్తిస్మం వేరే సంఘంలో జరిగింది, ఇక్కడికి బదిలీ ఉత్తరం తెచ్చుకుందా? తగువంతా ఇలాంటి వాటి మీదే. గుళ్లోకి ఎవరైనా రావచ్చు, సభ్యత్వం మాత్రం అడిగి, పరీక్షకు నిలిచి తీసుకోవలసింది. ఈ తేడా ఒంగోలులో ఎలా స్థిరపడిందో చూస్తే ఇవాళ్టి పేచీలు అర్థమవుతాయి.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది. కాపరి, అంటే పాస్టరు, అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర. అంతకుముందే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన బంధువర్గం గుండానే ఊళ్లకు ఊళ్లు కదిలాయి. చేరదలచినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద ఇవి చిన్నవే. కానీ పల్లెలో మాదిగ కుటుంబానికి చచ్చిన గొడ్డు, జాతరలో డప్పు, ఆసామి పిలిస్తే వెళ్లే పని, ఈ మూడూ తిండిగింజలతో ముడిపడినవి. సభ్యత్వానికి ధర అక్కడ పడింది.

1876–78 కరువు ఈ పద్ధతికి అసలు పరీక్ష పెట్టింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పని విరామాల్లో బోధకులు కూలీల మధ్య కూర్చుని చెప్పేవారు. బాప్తిస్మం అడిగేవాళ్లు గుంపులుగా పెరిగారు. కూలి డబ్బుల కోసం చేరుతున్నారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వస్తూనే ఉండడంతో 1878లో తిరిగి మొదలుపెట్టాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, నీళ్లలో ఒకసారికి ఇద్దరు, అలసినవాళ్లు గట్టెక్కితే మరో ఇద్దరు. పొద్దున ఆరింటికి మొదలై, మధ్యాహ్నం ఆపి, సాయంత్రం అయిదు ప్రాంతానికి ముగిసింది. లెక్క వేస్తే మనిషికి అరనిమిషం. తొందరపడ్డారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నీళ్లలో పట్టే సమయాన్ని చూసి అనే మాట అది. ఏ ఊరివాళ్లను ఆ ఊరి బోధకుడే ముందుగా ప్రశ్నించి, పూచీ ఉండి తీసుకొచ్చేవాడు. వడపోత ఏటి గట్టుకు రాకముందే జరిగింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది: వేలమంది సభ్యులకు కాపరులు చాలలేదు.

చేరినవాడు దేనికి కట్టుబడతాడు అన్నదానికి జవాబు సంఘ నిబంధనలో, అంటే సభ్యులంతా కలిసి ఒప్పుకునే ఒడంబడికలో, ఉంది. అమెరికన్ బాప్తిస్టుల్లో బాగా వాడుకకెక్కిన నిబంధనను జె. న్యూటన్ బ్రౌన్ 1853లో ప్రచురించాడు. ఇంట్లో కుటుంబ ప్రార్థన, సంఘ ఖర్చులకు, బీదల సాయానికి ఇవ్వడం, సారా అమ్మకుండా, తాగకుండా ఉండడం, కోపం వస్తే త్వరగా సమాధానపడడం అందులో ఉన్నాయి. చివరి మాట: ఈ చోటు విడిచి వెళితే వీలైనంత త్వరగా మరో సంఘంలో చేరతాం.

ఇప్పటి వరస మామూలుగా ఇలా ఉంటుంది. అభ్యర్థి పాస్టరును అడుగుతాడు, పెద్దలు సాక్ష్యం వింటారు, సంఘం ఆమోదిస్తుంది, ముంచి బాప్తిస్మం ఇస్తారు, కుడిచేతి సహవాసం ఇచ్చి, అంటే చేయి కలిపి సంఘంలోకి ఆహ్వానించి, పేరు రాసుకుంటారు. ఆ తర్వాతే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపంచుకోవడం. ఎక్కువగా తప్పేది నిబంధనలోని ఆ చివరి మాట దగ్గరే. హైదరాబాద్ వెళ్లినవాళ్లు బదిలీ పత్రం తీసుకోరు. కొత్తచోట పేరెక్కదు, పాతచోట కొట్టేయరు. పెళ్లికో సమాధి స్థలానికో పనిబడినప్పుడు రెండు సంఘాలూ ‘మీరు మావాళ్లు కారు’ అంటాయి. ఏడాదికోసారి రిజిస్టరు సరిచూసే సంఘాల్లో ఈ బాధ తక్కువ.

పేరెక్కకపోవడానికి ఇంకో కారణం చట్టంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు మన రాష్ట్రాల్లో దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మాన్నీ, క్రమంగా చర్చికి వెళ్లడాన్నీ లెక్కలోకి తీసుకుని ఎస్సీ ధ్రువపత్రం కుదరదంది. ఇలా పిల్లల చదువు, ఉద్యోగం తేలేదాకా నీళ్లలోకి దిగని కుటుంబాలున్నాయి. వాళ్లు ప్రతి ఆదివారం వస్తారు, కానుక వేస్తారు, పాట ఎత్తుకుంటారు. రొట్టె పళ్లెం వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తారు.