సింథసైజర్ అప్‌డేట్‌లు: కొత్త ఫీచర్ల చుట్టూ అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకు, అంటే కంప్యూటర్‌లో శబ్దాన్ని పుట్టించే వాద్యాలకు, ప్రీసెట్‌లు (సిద్ధంగా ఉంచిన శబ్దపు అమరికలు) రూపొందించడం నా వృత్తి. ఏదైనా సింథసైజర్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొత్త ఆసిలేటర్ (మూల తరంగాన్ని పుట్టించే భాగం) గురించీ, కొత్త రివర్బ్ (హాలులో మోగినట్లు వినిపించే ఎఫెక్ట్) గురించీ, నాణ్యతను పెంచుతుందని చెప్పే బటన్ల గురించీ దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు నాకు వస్తుంటాయి. మెనూలో కనిపించే పేరుకూ, లోపల సిగ్నల్‌కు నిజంగా జరిగే పనికీ మధ్య ఎంత దూరం ఉందో తెలిస్తే ఆ ప్రశ్నలలో చాలావాటికి జవాబు దొరుకుతుంది. తరచుగా ఎదురయ్యే అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: అప్‌డేట్ తరువాత శబ్దం మెరుగైతే ఆ సంగతి చెవికే తెలుస్తుంది.

వాస్తవం: చెవికి ముందుగా తెలిసేది తీవ్రత, నాణ్యత ఆ తరువాతే. ఒకే శబ్దాన్ని ఒక డెసిబెల్ పెంచి వినిపిస్తే చాలామంది "గట్టిగా ఉంది" అనరు. "నిండుగా ఉంది" అనో, "స్పష్టంగా ఉంది" అనో అంటారు. తీవ్రతను బట్టి వేర్వేరు పౌనఃపున్యాలను చెవి గ్రహించే తీరు మారుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. తక్కువ తీవ్రతలో బాస్ బలహీనంగా వినిపిస్తుంది, తీవ్రత పెరగగానే ముందుకు వస్తుంది. అందువల్ల కొత్త వెర్షన్‌లో అవుట్‌పుట్ స్థాయి కొద్దిగా పెరిగినా, ఆసిలేటర్‌ను మొత్తంగా తిరగరాశారన్న భ్రమ కలుగుతుంది.

నమ్మదగిన పోలిక కావాలంటే ఒకే మిడి (వాయించిన స్వరాల సమాచారం) భాగాన్ని రెండు వెర్షన్లలోనూ ఆడియోగా రెండర్ చేసి, రెండింటి స్థాయినీ సమం చేసి, ఏది ఏదో తెలియకుండా వినాలి. రెండు ఆడియోలలో ఒకదాని పోలారిటీని తలకిందులు చేసి, స్థాయిని మార్చకుండా రెండింటినీ కలిపి చూసే నల్ టెస్ట్ కూడా ఉపయోగపడుతుంది. మిగిలింది నిశ్శబ్దమైతే రెండూ అక్షరాలా ఒకటే. అయితే ఆ పరీక్షకు ముందు ఆసిలేటర్లు ప్రతి నోట్‌కూ ఒకే ఫేజ్ (తరంగ చక్రంలోని స్థానం) నుంచి మొదలయ్యేలా చేయాలి, అనలాగ్ డ్రిఫ్ట్‌ను (శ్రుతి తనంతట తాను కొద్దిగా కదలడాన్ని), నాయిస్‌ను, కోరస్‌ను ఆపాలి. ఇవి నడుస్తున్నంతసేపూ ఒకే వెర్షన్‌లో రెండుసార్లు రెండర్ చేసినా నిశ్శబ్దం రాదు. తొలి రోజుల్లో ఈ జాగ్రత్త తెలియక, నిశ్శబ్దం రాలేదు కాబట్టి ఇంజిన్ మారిందని నేనే ధీమాగా ప్రకటించి, తరువాత నాలుక కరుచుకున్నాను.

అపోహ: ఓవర్‌శాంప్లింగ్ ఎంత ఎక్కువ పెడితే శబ్దం అంత స్వచ్ఛంగా ఉంటుంది.

వాస్తవం: ఓవర్‌శాంప్లింగ్, అంటే శబ్దాన్ని మామూలు కంటే ఎక్కువ శాంప్లింగ్ రేటులో లెక్కించడం, ఒక నిర్దిష్టమైన సమస్యకు మందు. ఆ సమస్య లేని చోట దాని వల్ల పెరిగేది ప్రాసెసర్ మీద భారం మాత్రమే. సమస్య పేరు అలియాసింగ్. శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు తీసుకునే కొలతల సంఖ్య, 44,100 హెర్ట్జ్ అయితే, అందులో సగమైన 22,050 హెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలను మాత్రమే ఆ వ్యవస్థ సరిగా పట్టుకోగలదు. అంతకు మించినవి అదృశ్యం కాకుండా, అద్దంలో ప్రతిబింబం లాగా వెనక్కి మడతపడి వినిపించే పరిధిలోకి వస్తాయి.

ఒక లెక్క చూడండి. 5,000 హెర్ట్జ్ దగ్గర ఒక సా-టూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగాన్ని ఏ జాగ్రత్తా లేకుండా గణించామనుకుందాం. దాని అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, 10,000, 15,000, 20,000 హెర్ట్జ్ వరకు తమ స్థానాల్లోనే ఉంటాయి. ఆపై వచ్చే 25,000 హెర్ట్జ్ అనుస్వరం మడతపడి 19,100 దగ్గర తేలుతుంది, 40,000 హెర్ట్జ్‌ది 4,100 దగ్గర, 45,000 హెర్ట్జ్‌ది ఏకంగా 900 దగ్గర తేలుతుంది. మీరు వాయించిన స్వరం కంటే ఎంతో కింద, దానితో ఏ సంగీత సంబంధమూ లేని ఒక అపస్వరం పుడుతుందన్నమాట. కీబోర్డు పై మెట్లలో పిచ్ బెండ్ చేసినప్పుడు అసలు స్వరం పైకి పోతూ ఉంటే, వెనుక ఏదో కిందికి జారుతున్నట్లు వినిపించడానికి కారణం ఇదే.

అయితే నేటి మంచి సింథసైజర్లలో చాలావాటి ఆసిలేటర్లు ఈ మడతను మొదటే అదుపు చేసేలా ఉంటాయి. కొన్ని తరంగంలోని పదునైన అంచును సరిదిద్దుతాయి. వేవ్‌టేబుల్ (ముందే నిల్వ చేసిన తరంగాలను చదివే) ఆసిలేటర్లయితే స్వరం ఎత్తు పెరిగేకొద్దీ అనుస్వరాలు తగ్గించిన ప్రతులను వాడతాయి. కాబట్టి అటువంటి శుభ్రమైన ఆసిలేటర్, ఒక మామూలు ఫిల్టర్, ఒక ఎన్వలప్ (కాలంతో పాటు స్థాయిని మార్చే భాగం) ఉన్న ప్యాచ్‌లో, అంటే శబ్దపు అమరికలో, ఓవర్‌శాంప్లింగ్‌ను 2 రెట్ల నుంచి 8 రెట్లకు పెంచినా మీరు తేడా వినకపోవచ్చు. తేడా స్పష్టంగా తెలిసేది డిస్టార్షన్, గాఢమైన ఎఫ్ఎమ్ (ఒక తరంగంతో మరో తరంగపు పౌనఃపున్యాన్ని ఊపడం), హార్డ్ సింక్ (ఒక ఆసిలేటర్ చక్రాన్ని మరొకటి మధ్యలోనే తిరిగి మొదలుపెట్టించడం), వేవ్ ఫోల్డింగ్ (తరంగ శిఖరాలను మడవడం) వంటి కొత్త అనుస్వరాలను పుట్టించే దశలలో. ఆ దశ ఏదో తెలుసుకుని అక్కడే ఓవర్‌శాంప్లింగ్ చేసే వీలును అప్‌డేట్ ఇస్తే, నా దృష్టిలో అది మొత్తం సింథసైజర్‌కు ఒకే బటన్ పెట్టడం కంటే చాలా విలువైన మార్పు. పైగా తిరిగి మామూలు రేటుకు దించే ఫిల్టర్లు కొంత ఆలస్యాన్ని కూడా తెస్తాయి. పాట కూర్చేటప్పుడు తక్కువలో ఉంచి, చివరి రెండర్‌కు మాత్రమే పెంచుకోవడం తెలివైన పని.

ఇంకో మాట కూడా చెప్పాలి. అలియాసింగ్ ఎప్పుడూ దోషమే కాదు. తొలి తరం డిజిటల్ వాద్యాల గరుకుదనంలో కొంత దాని నుంచే వచ్చింది, ఆ గరుకుదనాన్ని కోరుకునేవారి కోసం దానిని కావాలనే పుట్టించే ఎఫెక్ట్‌లను అందించే సింథసైజర్లూ ఉన్నాయి.

అపోహ: గ్రాన్యులర్ (శబ్దాన్ని రేణువులుగా వాడే), స్పెక్ట్రల్ (శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసి వాడే) వంటి ఆసిలేటర్లు ఈ మధ్యే కనిపెట్టిన సాంకేతికత.

వాస్తవం: శబ్దాన్ని అతి చిన్న రేణువులుగా చూడవచ్చన్న ఆలోచనను భౌతిక శాస్త్రవేత్త డెన్నిస్ గాబర్ 1940లలోనే ప్రతిపాదించారు. ఎఫ్ఎమ్ సంశ్లేషణను జాన్ చౌనింగ్ స్టాన్‌ఫర్డ్‌లో 1967లో గుర్తించి, 1973లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. యమహా డీఎక్స్7 రూపంలో అది సంగీతకారుల చేతికి అందేసరికి 1983 అయింది. ఆలోచన పుట్టిన నాటికీ, దానిని వేగంగా లెక్కించగల యంత్రం చవకగా దొరికే నాటికీ మధ్య గడిచిన కాలం అది. 2025లో విడుదలైన సాఫ్ట్‌వేర్ సింథసైజర్ సీరమ్ 2లో గ్రాన్యులర్, స్పెక్ట్రల్ ఆసిలేటర్లు వేవ్‌టేబుల్ పక్కనే కొలువుదీరాయంటే, సూత్రం కొత్తదని కాదు. అనేక రేణువులను, అనేక గొంతుకలతో, ఆలస్యం లేకుండా నడిపే శక్తి మామూలు కంప్యూటర్‌కు వచ్చిందని, వాటన్నిటికీ ఒకే మాడ్యులేషన్ పట్టికను (ఏ నియంత్రణ దేనిని కదిలించాలో నిర్ణయించే చోటును) అందుబాటులోకి తెచ్చారని అర్థం. నిజమైన కొత్తదనం ఆ పట్టికలో ఉంది.

గ్రాన్యులర్‌ను మొదటిసారి తెరిచేవారు ముందుగా రేణువు నిడివిని చేతిలోకి తీసుకోవాలి. సాధారణంగా అది 1 నుంచి 100 మిల్లీ సెకన్ల మధ్య ఉంటుంది. రేణువు బాగా చిన్నదైతే మూల శబ్దం గుర్తుపట్టలేనంతగా చెదిరి, రేణువులు పుట్టే వేగమే ఒక శ్రుతిగా వినిపించడం మొదలవుతుంది. పెద్దదైతే మూలంలోని పలుకు నిలుస్తుంది. ఈ ఒక్క నాబ్‌ను అర్థం చేసుకోకుండా మిగతా పది నాబ్‌లు తిప్పినవారే గ్రాన్యులర్ అంటే మబ్బులాంటి మోత తప్ప మరేమీ రాదని అంటుంటారు.

అపోహ: యూనిసన్ వాయిస్‌లు (ఒకే స్వరానికి కొద్ది శ్రుతి తేడాతో కలిసి మోగే ప్రతులు) 16 వరకు పెంచే వీలు వచ్చింది కాబట్టి ఇక శబ్దం మరింత దట్టంగా ఉంటుంది.

వాస్తవం: ఒక తరంగం పెద్దగా వినిపించడానికి ప్రతుల సంఖ్య కంటే వాటి మధ్య శ్రుతి తేడాను ఎలా పంచారన్నదే ముఖ్యం. రోలాండ్ జేపీ-8000 లోని ప్రసిద్ధమైన సూపర్‌సాకు 7 తరంగాలే సరిపోయాయి. ఫేజ్‌లు కలవని 16 ప్రతులను స్థాయి సర్దకుండా కలిపితే మొత్తం స్థాయి సుమారు 12 డెసిబెల్ పెరుగుతుంది; మొదటి అపోహలో చెప్పిన తీవ్రత భ్రమ ఇక్కడ పూర్తి బలంతో పనిచేస్తుంది. నాలుగు స్వరాల కార్డ్‌ను రెండు ఆసిలేటర్లతో, ఒక్కొక్క దానికి 16 ప్రతులతో వాయిస్తే 128 తరంగాలు ఒకేసారి నడుస్తాయి. ప్రాసెసర్ మొరాయిస్తే అది అప్‌డేట్ తప్పు కాదు.

బాస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 10 సెంట్ల (సెమీటోన్‌లో నూరవ వంతు ఒక సెంటు) తేడా ఉన్న రెండు తరంగాలు కలిస్తే 440 హెర్ట్జ్ దగ్గర శబ్దం సెకనుకు సుమారు రెండున్నర సార్లు పెరిగి తగ్గుతుంది, అది చెవికి హాయిగా ఉంటుంది. అదే 10 సెంట్లు 55 హెర్ట్జ్ దగ్గర అలా ఒక్కసారి పెరిగి తగ్గడానికి మూడు సెకన్లకు పైగా తీసుకుంటాయి, ఆ లోగా బాస్ ఒకసారి ఉబ్బి, ఒకసారి దాదాపు మాయమవుతుంది. మిక్స్‌లో కొన్ని చోట్ల బాస్ ఎందుకు పడిపోతోందో తెలియక కంప్రెసర్‌తో కుస్తీ పట్టేవారు ముందు యూనిసన్ ఆపి చూడాలి.

అపోహ: కొత్త ఎఫెక్ట్‌లు వచ్చాయి కాబట్టి ప్యాచ్‌లు గొప్పగా వినిపిస్తాయి.

వాస్తవం: వినిపిస్తాయి, కాని ఆ గొప్పతనం ప్యాచ్‌దో ఎఫెక్ట్‌దో తేల్చుకోవడం అవసరం. కొత్త ప్రీసెట్ ఏది నచ్చినా నేను చేసే మొదటి పని ఎఫెక్ట్‌ల విభాగం మొత్తాన్ని ఆపి వినడం. ఒక్క ఆసిలేటర్ మీద పొడవైన రివర్బ్, పింగ్‌పాంగ్ డిలే కప్పితే అది ఒంటరిగా అద్భుతంగా ఉంటుంది. పాటలో మరో ఆరు వాద్యాల పక్కన పెట్టగానే అంతా బురదగా మారుతుంది.

కొత్తగా పేరు పెట్టిన ఎఫెక్ట్ చాలాసార్లు పాత భాగాలను కొత్త వరుసలో కలిపినదే. షిమ్మర్ అనేది రివర్బ్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక ఆక్టేవ్ పైకి శ్రుతి మార్చే భాగాన్ని పెట్టడం. కోరస్ అంటే సుమారు 10 నుంచి 30 మిల్లీ సెకన్ల డిలేను నెమ్మదిగా ఊపడం. అదే డిలేను ఇంకా కుదించి ఫీడ్‌బ్యాక్ కలిపితే ఫ్లాంజర్ అవుతుంది. అల్గోరిథమిక్ (లెక్కలతో పుట్టించే) రివర్బ్‌కు పునాది అయిన కోంబ్, ఆల్‌పాస్ ఫిల్టర్ల అమరికను మన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960లలో రూపొందించారు. ఇవి తెలిస్తే, అప్‌డేట్ రాకముందే పాత వెర్షన్‌లోనే సగం ఎఫెక్ట్‌లు కట్టుకోవచ్చు.

నిజానికి నేను ఎదురుచూసే ఫీచర్ వేరు: ఎఫెక్ట్‌ల వరుసను మార్చుకునే వీలు. డిస్టార్షన్ తరువాత రివర్బ్ పెడితే గరుకైన వాద్యం ఒక హాలులో మోగుతుంది. రివర్బ్ తరువాత డిస్టార్షన్ పెడితే ఆ హాలే పగిలిపోతుంది. కొత్త రివర్బ్‌లు ఎన్ని చేర్చినా ఈ ఒక్క స్వేచ్ఛ ముందు తక్కువే.

అపోహ: ఎమ్‌పీఈ (ప్రతి స్వరాన్నీ విడిగా నియంత్రించే మిడి పద్ధతి), మిడి 2.0 మద్దతు వస్తే నా కీబోర్డులో స్పర్శ సూక్ష్మత పెరుగుతుంది.

వాస్తవం: సింథసైజర్ వినగలిగితే చాలదు, కీబోర్డు చెప్పగలగాలి. 1983 నాటి మిడిలో సాధారణ కంట్రోలర్‌కు 0 నుంచి 127 వరకు 128 మెట్లే ఉంటాయి. 2020లో వచ్చిన మిడి 2.0 వాటిని 32 బిట్లకు విస్తరించింది, కాని పాత కీబోర్డు పంపేది పాత విలువలే. ఎమ్‌పీఈలో ప్రతి స్వరానికీ ఒక ప్రత్యేక ఛానెల్ కేటాయిస్తారు. దానిని ఆన్ చేసిన వెంటనే శ్రుతి విపరీతంగా ఎగిరిపోతోందనే ఫిర్యాదు నాకు చాలాసార్లు వచ్చింది. స్వరాల ఛానెళ్లలో పిచ్ బెండ్ పరిధి ఎమ్‌పీఈ ప్రకారం మామూలుగా 48 సెమీటోన్లు, సాధారణ ప్యాచ్‌లలో ఎక్కువగా 2. రెండు వైపులా ఒకే సంఖ్య పెడితే సమస్య తీరుతుంది.

అపోహ: అప్‌డేట్ చేసినా పాత ప్రాజెక్టులు చెక్కుచెదరవు.

వాస్తవం: బాధ్యత గల తయారీదారులు అందుకోసం ఎంతో శ్రమపడతారు, పాత ఫిల్టర్‌ను తీసివేయకుండా, కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన చేరుస్తారు. అయినా తప్పులు జరుగుతాయి. ఒక సింథసైజర్ అప్‌డేట్‌లో ఫిల్టర్ రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి పౌనఃపున్యాలను ఎత్తి చూపే నియంత్రణ) పెరిగినప్పుడు బాస్ తగ్గిపోయే స్వభావాన్ని "సరిదిద్దారు". నేను ఏడాది ముందు ముగించిన ఒక రచనలో ఆ తగ్గుదల మీదే కిక్ డ్రమ్‌కు చోటు ఏర్పడి ఉంది. ప్రాజెక్టును తిరిగి తెరిచేసరికి రెండూ ఒకదానినొకటి తొక్కుకుంటున్నాయి. విడుదల వివరాల్లో ఆ మార్పుకు దక్కింది ఒక్క వాక్యం.

ఫార్మాట్ మార్పు మరో చిక్కు. స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీని (సంగీత సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్‌లను నడిపే ఫార్మాట్‌ను) 1996లో, వీఎస్‌టీ3ని 2008లో విడుదల చేసింది, 2018లో కొత్త డెవలపర్లకు వీఎస్‌టీ2 లైసెన్సులు ఇవ్వడం ఆపింది. అందువల్ల కొన్ని అప్‌డేట్‌లు వీఎస్‌టీ3 రూపంలో మాత్రమే వస్తాయి, అప్పుడు పాత ప్రాజెక్టు తనకు తెలిసిన వీఎస్‌టీ2 ప్లగిన్ కోసం వెతికి, దొరక్క ఖాళీగా తెరుచుకోవచ్చు. అప్‌డేట్‌కు ముందు నేను ప్రతి ముఖ్యమైన ట్రాక్‌ను ఎఫెక్ట్‌లతో ఒకసారి, ఎఫెక్ట్‌లు లేకుండా ఒకసారి ఆడియోగా రెండర్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంచుతాను. సొంత ప్రీసెట్‌లను వేరే చోట కాపీ చేసి, పాత వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను దాని సంఖ్యతో సహా భద్రపరుస్తాను. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రీసెట్‌ను పాత వెర్షన్ చాలాసార్లు తెరవలేదు కాబట్టి, పరీక్షించేటప్పుడు అసలు ప్రీసెట్ మీద కాకుండా ప్రతి మీదే సేవ్ చేయాలి.