వయసుతో మతి మందగిస్తుందా? ఈ నమ్మకం వెనక వందేళ్ల కథ

తెలిసిన మనిషి పేరు ఓ క్షణం గుర్తు రాకపోతే చాలు, "అల్జీమర్స్ మొదలైందేమో" అని అరవై ఏళ్లకే టెన్షన్ పడేవాళ్లు ఒకవైపు. పింఛను డబ్బు లెక్క తేలక, రోజూ నడిచే వీధిలోనే దారి తప్పుతున్న పెద్దాయన్ని "వయసైపోయింది, చాదస్తం" అని వదిలేసే ఇళ్లు మరోవైపు. ఇందుకు ఇంట్లోవాళ్లను తప్పుపట్టలేం. డాక్టర్లు, మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా దశాబ్దాలపాటు ఈ రెండు పొరపాట్లూ చేశారు.

ముందు జబ్బు సంగతి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగస్టె డీటర్ అనే మహిళ మతి తప్పుతూ ఆస్పత్రిలో చేరింది. ఆమెకప్పుడు 51 ఏళ్లు. 1906లో ఆమె చనిపోయాక జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమె మెదడును పరీక్షించి, అందులో కనిపించిన మార్పులను అదే ఏడాది ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో వివరించాడు. 1910లో జర్మన్ మానసిక వైద్యుడు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. రోగి వయసు తక్కువ కావడంతో, ఇది నడివయసులో వచ్చే అరుదైన వ్యాధి అన్న ముద్ర పడిపోయింది. అవే లక్షణాలు ఎనభై ఏళ్ల మనిషిలో కనిపిస్తే మాత్రం ముసలితనం అనేవారు. 1960ల్లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు, మతి తప్పిన వృద్ధుల మెదళ్లలోనూ అల్జీమర్ చూసిన మార్పులే ఉన్నాయని చూపించారు. 1976లో అమెరికన్ న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ రెండూ ఒకటే జబ్బని గట్టిగా వాదించాకే వైద్య ప్రపంచం దీన్ని పెద్ద సమస్యగా పట్టించుకుంది.

జబ్బు లేని మామూలు మనుషుల విషయంలో తప్పు ఇంకోరకంగా జరిగింది. నాకు ఈ భాగమే ఎక్కువ ఆసక్తికరం.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా తెలివితేటల పరీక్షలు పెట్టింది. చదవడం వచ్చినవాళ్లకు పెట్టిన పరీక్ష పేరు ఆర్మీ ఆల్ఫా. తర్వాత జోన్స్, కాన్రాడ్ అనే ఇద్దరు పరిశోధకులు అదే పరీక్షను అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పల్లెలకు తీసుకెళ్లారు. జనాన్ని రప్పించడానికి ఉచితంగా సినిమా వేసేవారట! పదేళ్ల పిల్లల నుంచి అరవై ఏళ్లవాళ్ల దాకా పరీక్షించి 1933లో ఫలితాలు అచ్చేశారు. సగటు మార్కులు ఇరవై ఏళ్ల వయసు దాకా పెరిగి, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతూ వచ్చాయి. పదసంపద, లోకజ్ఞానం మాత్రం తగ్గలేదని కూడా అదే నివేదికలో ఉంది. జనానికి గుర్తుండిపోయింది మాత్రం మొదటి సగమే.

ఇందులో ఓ మెలిక ఉంది. ఆ ఊళ్లలో ఇరవై ఏళ్ల కుర్రాడూ, అరవై ఏళ్ల రైతూ వేరు వేరు మనుషులు. ఒకరు హైస్కూలు దాకా చదువుకుంటే, ఇంకొకరు నాలుగు తరగతులతో ఆపి పొలం పనిలోకి దిగి ఉండొచ్చు. అలాంటప్పుడు కనిపించిన తేడా వయసుదా, చదువుదా?

తేల్చాలంటే ఒకే మనిషిని కొన్నేళ్ల ఎడంతో రెండుసార్లు పరీక్షించాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఓవెన్స్ సరిగ్గా అదే చేశాడు. 1919లో అయోవా స్టేట్ కాలేజీలో చేరేటప్పుడు ఆర్మీ ఆల్ఫా రాసినవాళ్లలో 127 మందిని వెతికి పట్టుకుని 1950లో మళ్లీ రాయించాడు. యాభై ఏళ్లకు అటూఇటూ ఉన్న ఆ మనుషుల మొత్తం మార్కులు తగ్గకపోగా పెరిగాయి. 1956లో వార్నర్ షై అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని సియాటిల్‌లో అయిదు వందల మందితో ఇంకా పెద్ద అధ్యయనం మొదలుపెట్టి, ఏడేళ్లకోసారి తిరిగి పరీక్షిస్తూ దశాబ్దాలపాటు నడిపాడు. చకచకా గుర్తుపట్టే వేగం ముందే తగ్గినా, మిగతా చాలా సామర్థ్యాలు అరవైల దాకా నిలకడగానే ఉంటాయని తేల్చాడు.

అయితే ఇక్కడా ఓ పేచీ ఉంది. ఒకసారి రాసిన పరీక్ష రెండోసారి తేలికవుతుంది. పైగా ఆరోగ్యం చెడినవాళ్లు మళ్లీ రారు కాబట్టి, వచ్చినవాళ్ల సగటు మెరుగ్గా కనిపిస్తుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తిమతి సాల్ట్‌హౌస్ ఈ అభ్యంతరాన్ని బలంగా ముందుకు తెచ్చాడు. వేగం, కొత్త సమాచారాన్ని మనసులో పెట్టుకుని తిప్పిచూసే శక్తి ఇరవైలు, ముప్ఫైల నుంచే తగ్గుతాయంటాడు. ఈ వాదన ఇంకా ముగియలేదు. మధ్యలో ఎక్కడో ఉంది నిజం అనిపిస్తుంది.

అదే సాల్ట్‌హౌస్ 1984లో టైపిస్టుల మీద చేసిన అధ్యయనం చూడండి. పెద్ద వయసు టైపిస్టుల స్పందన వేగం తక్కువ. అయినా టైపింగ్‌లో కుర్రవాళ్లకు తీసిపోలేదు. కొడుతున్న అక్షరం కన్నా చాలా ముందుకు చూపు సాగించి చదువుకోవడమే వాళ్ల కిటుకు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో గుర్తులేని పెద్దాయన భాగవత పద్యాలు తడుముకోకుండా చదవడంలోనూ వింతేమీ లేదు. ఇవాళ పొద్దున జరిగినదాన్ని గుర్తుంచుకోవడం, ఏళ్ల తరబడి స్థిరపడినదాన్ని పైకి తీయడం వేరు వేరు పనులు. వయసు ముందుగా మొదటిదాన్ని తాకుతుంది.

స్కాట్లండ్‌కు దక్కినంత అదృష్టం ఈ రంగంలో ఇంకెవరికీ దక్కలేదు. 1932 జూన్ 1న అక్కడి బడుల్లో 1921లో పుట్టిన పిల్లలందరికీ, సుమారు 87 వేల మందికి, ఒకే తెలివి పరీక్ష పెట్టారు. 1947లో మరో తరానికి పెట్టారు. ఆ కాగితాలు దశాబ్దాలపాటు అలాగే పడి ఉన్నాయి. 1990ల చివర్లో ఇయన్ డియరీ, లారెన్స్ వాలీ అనే పరిశోధకులు వాటిని పట్టుకుని, బతికున్నవాళ్లను వెతికి అదే పరీక్ష మళ్లీ రాయించారు. వృద్ధాప్యంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో దాదాపు సగం పదకొండేళ్ల వయసులోనే ఉందని తేలింది. అంటే డెబ్భై ఏళ్ల మనిషికి వచ్చిన తక్కువ మార్కులు క్షీణతకు గుర్తు కానక్కర్లేదు, ఆయనకు ఎప్పుడూ అంతే వచ్చేవేమో.

మన దగ్గర అలాంటి పాత మార్కులు లేవు. అసలు బడికే వెళ్లని పెద్దవాళ్లు లక్షల్లో ఉన్నారు. ప్రపంచమంతా వాడే 30 మార్కుల మినీ మెంటల్ పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అందులో తేదీ చెప్పాలి, వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి. ఇవన్నీ చేయలేని నిరక్షరాస్యురాలికి మతి చెడిందని రాసేస్తే అన్యాయమే. అందుకే 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పరిశోధకులు ప్రశ్నలను మార్చి హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో కలిపి అయిదు భాషల్లో పరీక్షల సంపుటి రూపొందించింది.

హైదరాబాద్ వంతు 2013లో వచ్చింది. నిమ్స్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసింది. మతిని దెబ్బతీసే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు, అల్జీమర్స్ అందులో ఒకటి. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే ఊళ్లో రెండో భాష చదువుకున్నవాళ్ల సొత్తేమీ కాదు కదా. అలాగని భాషలు జబ్బును ఆపుతాయని ఈ అధ్యయనం అనలేదు. కొన్ని దేశాల్లో ఇదే ఫలితం రాలేదు కూడా.

దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. చదువు తక్కువ ఉన్నచోటే పరీక్షించడం కష్టం, జబ్బూ అక్కడే ఎక్కువ. అందుకే ఇక్కడి మెమరీ క్లినిక్కుల్లో డాక్టర్లు మార్కులతో ఆగకుండా ఇంట్లోవాళ్లనూ అడుగుతారు: రెండేళ్ల కిందట ఎలా ఉండేవారు, డబ్బు లెక్క ఎవరు చూసేవారు, మందులు తనే వేసుకునేవారా, వంటలో ఉప్పు రెండుసార్లు వేయడం ఎప్పటి నుంచి?