ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు కాలిపోతుంది?

"కొత్త ఓఎస్‌కి అప్‌గ్రేడ్ చేశాక ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోలేకపోతున్నాం, ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ గుయ్‌మంటోంది, ఏం చెయ్యాలండీ" అని ఒక పాఠకుడు అడిగారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి, ఇష్టం ఉన్నా లేకపోయినా కొత్తదానికి మారినవాళ్ళు చాలామందే ఉంటారు.

ఇందులో నన్ను పట్టుకున్న మాట "ఏమీ తెరవకపోయినా" అన్నది. పనిచేస్తూ వేడెక్కితే వింతేముంది? పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోవాలి. కంప్యూటర్ క్లాసుల్లో "సీపీయూ అంటే కంప్యూటర్‌కి మెదడు" అని వల్లె వేయిస్తారు గానీ, అది అవకాశం దొరికితే చాలు పడుకుంటుందని ఎవరూ చెప్పరు. మీరు ఒక అక్షరం కొట్టి ఇంకో అక్షరం కొట్టేలోపు కూడా ఓ కునుకు తీస్తుంది.

మధ్యాహ్నం పూట కిరాణా కొట్టు ఊహించుకోండి. బేరాల్లేవు. కొట్టాయన గల్లాపెట్టె దగ్గరే కూర్చుని కునికిపాట్లు పడొచ్చు, పిలిస్తే వెంటనే లేస్తాడు, కాకపోతే లైట్లూ ఫ్యానూ తిరుగుతూనే ఉంటాయి. ప్రాసెసర్‌లో దీన్ని సీ1 అంటారు, క్లాక్ మాత్రమే ఆగుతుంది. లేదా లెక్కలన్నీ పుస్తకంలో రాసి, మెయిన్ ఆపేసి, షట్టర్ దించి లోపలికెళ్ళి పడుకోవచ్చు. అది సీ6. అందులో కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) తన రిజిస్టర్లలో, అంటే చేతిలో పెట్టుకునే చిన్న మెమరీలో ఉన్నదంతా పక్కన భద్రపరచుకుంటుంది, ఆ తర్వాత దానికి కరెంటే అందదు. అసలు ఆదా అంతా ఇక్కడే. కాకపోతే మళ్ళీ షట్టర్ ఎత్తి లైట్లేసి కూర్చోవడానికి కొంత టైమూ కరెంటూ ఖర్చవుతాయి, అందుకని తర్వాతి బేరం ఎప్పుడొస్తుందో ఓఎస్ ముందే అంచనా వేసి, వెంటనే వచ్చేలా ఉంటే గల్లా దగ్గరే కునకమంటుంది.

ఇప్పుడు వీధిలో పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి రూపాయి చాక్లెట్ అడుగుతున్నారనుకోండి. చాక్లెట్ ఇవ్వడానికి క్షణం పట్టదు, కానీ ఆయనకి నిద్ర ఎక్కడిది? విండోస్‌లో ప్రాసెసర్‌ని లేపే టైమర్ మామూలుగా సెకనుకు 64 సార్లు కొడుతుంది, ఏదైనా ప్రోగ్రామ్ "నాకు ఒక మిల్లీసెకను కావాలి" అని పట్టుబడితే 1000 సార్లు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ 3 శాతమే ఉంటుంది, ఎందుకంటే అది చాక్లెట్ అమ్మిన టైమే లెక్కపెడుతుంది, పోయిన నిద్రని కాదు! విండోస్ 7లోనూ, 2013లో వచ్చిన ఆపిల్ మ్యాక్ ఓఎస్ మావెరిక్స్‌లోనూ దీనికో ఉపాయం పెట్టారు: పిల్లల్ని గుమ్మం దగ్గరే కాసేపు ఆపి, అందర్నీ ఒకేసారి పంపడం. టైమర్ కోయలెసింగ్ అంటే అంతే.

కొట్టాయన మేలుకుని ఎంత హడావిడిగా పనిచేస్తున్నాడన్నదీ ముఖ్యమే. చిప్‌లో స్విచ్చింగ్‌కి ఖర్చయ్యే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని ఫ్రీక్వెన్సీతో గుణించినదాన్ని బట్టి ఉంటుంది. 1.2 వోల్టుల నుంచి 0.8కి దిగి, ఫ్రీక్వెన్సీ కూడా సగమైతే ఖర్చు దాదాపు ఐదో వంతుకి పడిపోతుంది. అప్‌గ్రేడ్ అవగానే సెర్చ్ ఇండెక్స్ మళ్ళీ కట్టడం, ఫొటోలు వెతికి పెట్టుకోవడం లాంటివి మొదలై చిప్‌ని రెండో దిక్కుకి, అంటే పైకి తోస్తాయి. ఆ వేడి నిజమైన పని వల్లే, ఒకటి రెండు రోజుల్లో చల్లారుతుంది.

చల్లారకపోతే డ్రైవర్లని, అంటే ఓఎస్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య ఉండే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాలి. 2011లో లినక్స్ అనే ఓఎస్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) 2.6.38తో చాలా ల్యాప్‌టాప్‌లు ఎక్కువ కరెంటు తాగాయి. వైఫై కార్డు లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులకి కూడా నిద్ర ఉంటుంది, పేరు ఏఎస్‌పీఎం. "ఇక్కడ ఆ సదుపాయం లేదు" అని బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) చెబితే, కొత్త కెర్నల్ ఆ మాట నమ్మి, అప్పటికే హాయిగా నిద్రపోతున్న దారుల్ని కూడా లేపి కూర్చోబెట్టింది. విండోస్ అయితే అలాంటప్పుడు వాటి జోలికే పోకుండా ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తుందని లినక్స్ డెవలపర్ మాథ్యూ గారెట్ గమనించి, కెర్నల్ కూడా అలాగే చేసేలా సరిదిద్దాడు. హార్డ్‌వేర్‌లో ఒక్క స్క్రూ మారలేదు.

అన్నట్టు, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి పదిసార్లు రిఫ్రెష్ చేస్తే సిస్టమ్ చల్లబడుతుందని మనవాళ్ళకో గట్టి నమ్మకం. అది ఐకాన్లని మళ్ళీ గీస్తుంది, అంతే, పైగా పడుకున్నవాణ్ణి పదిసార్లు లేపుతుంది. ఫ్రిజ్‌లో పెట్టే మహానుభావులూ ఉన్నారు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, దయచేసి వద్దు.

రెండు రోజులు ఛార్జర్ పెట్టి వదిలేయండి. తగ్గకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఎనర్జీ ఇవ్వండి. 60 సెకన్లు కాపలా కాసి, ఎవరు టైమర్ అడిగారో, ఏ పరికరం నిద్రపోలేదో పేర్లతో సహా రిపోర్ట్ రాస్తుంది. లినక్స్ వాళ్ళకి పవర్‌టాప్ ఉంది. దొరికిన ప్రోగ్రామ్‌ని తీసేయండి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి బయోస్, చిప్‌సెట్ డ్రైవర్లు కొత్తవి వేయండి. రిపోర్ట్‌లో ఏ దొంగా దొరకకపోతే అప్పుడు అడుగున ఉన్న జాలీలో దుమ్ము చూడండి, అది అప్‌గ్రేడ్‌కి ముందు నుంచీ అక్కడే ఉండి ఉంటుంది.