టెండర్‌కు ముందు మౌనం: ప్రభుత్వ సాంకేతిక కొనుగోళ్లలో ఈ భయం ఎక్కడిది?

కొత్త సాఫ్ట్‌వేర్ కొనబోయే ప్రభుత్వ శాఖకు తన పని క్షుణ్ణంగా తెలుసు. ఆ పనికి పనికొచ్చేవి మార్కెట్లో ఏమున్నాయో అంతగా తెలియదు. అమ్మే కంపెనీకి తన సరుకు తెలుసు, ఆ శాఖలో ఫైలు ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదికి వెళ్తుందో తెలియదు. టెండర్ పత్రం ఖరారయ్యేలోపే ఈ ఇద్దరూ మాట్లాడుకోవాలి. చాలాచోట్ల మాట్లాడుకోరు. వెండర్‌ను కలిస్తే నింద పడుతుందని అధికారి, ఎక్కువ అడిగితే పోటీ నుంచి తప్పిస్తారని కంపెనీ వెనకాడతారు. కలవకూడదని నిబంధనే ఉందని ఇద్దరూ నమ్ముతారు. నిబంధన తెరిచి చూస్తే కలవమనే ఉంటుంది. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలియాలంటే అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కొనుగోళ్ల చరిత్ర చూడాలి. అక్కడ దాదాపు ప్రతి మలుపూ కాగితం మీద ఉంది.

1965 నాటి బ్రూక్స్ చట్టం ఫెడరల్ శాఖల కంప్యూటర్ కొనుగోళ్లను జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే, ఇతర శాఖల ఉమ్మడి కొనుగోళ్లు చూసే సంస్థ అజమాయిషీలోకి తెచ్చింది. 1984లో కాంట్రాక్టుల్లో పోటీకి సంబంధించిన చట్టం వచ్చాక, కంప్యూటర్ టెండర్‌లో ఓడిన కంపెనీ ఆ సంస్థ అప్పీళ్ల బోర్డుకు వెళ్లే వీలు కలిగింది. విచారణ కోర్టులో లాగే సాగేది. పత్రాలు రప్పించుకోవచ్చు, అధికారుల చేత ప్రమాణం చేయించి ప్రశ్నించవచ్చు. టెండర్ నడిపే అధికారి గ్రహించింది ఏమిటంటే, ఎవరితో ఏం మాట్లాడినా రేపు దానికి జవాబు చెప్పుకోవాలి, మాట్లాడకపోతే చెప్పుకోవాల్సిందేమీ లేదు. 1996లో క్లింగర్-కోహెన్ చట్టం బోర్డుకు ఉన్న ఆ అధికారాన్నీ, బ్రూక్స్ చట్టాన్నీ తీసేసింది. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

అది బలపడటానికి ఇంకో కారణం కుంభకోణాలు. రక్షణ కొనుగోళ్లపై ఎఫ్‌బీఐ నడిపిన ‘ఆపరేషన్ ఇల్ విండ్’ 1988 జూన్‌లో బయటపడింది. పోటీదారుల బిడ్ల సమాచారాన్ని కన్సల్టెంట్లు లోపలి అధికారుల నుంచి రాబట్టి కంపెనీలకు అమ్మారు. 60 మందికి పైగా దోషులుగా తేలారు, వారిలో నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసిన మెల్విన్ పైస్లీ ఒకరు. అదే ఏడాది కొనుగోళ్ల నిజాయితీ నిబంధనలు చట్టంలోకి ఎక్కాయి. 2004లో వైమానిక దళ అధికారిణి డార్లీన్ డ్రుయున్‌కు జైలు శిక్ష పడింది. గాల్లోనే ఇంధనం నింపే బోయింగ్ ట్యాంకర్ విమానాల వ్యవహారం తన చేతిలో ఉండగానే ఆమె ఆ కంపెనీలో ఉద్యోగం గురించి మాట్లాడుకున్నారు.

ఈ రెండు కేసుల్లో నేరం ఏమిటో గమనించాలి. ఒకదాంట్లో రహస్య బిడ్ సమాచారం చేతులు మారింది, మరోదాంట్లో ఫైలు నడుస్తుండగా సొంత ఉద్యోగం గురించి బేరం జరిగింది. చట్టం నిషేధించేది ఇలాంటివే. మీ ఉత్పత్తి ఏం చేయగలదు, మా ముసాయిదాలో ఏది అసాధ్యం అని అడగడం ఏ చట్టం కిందా తప్పు కాదు. కానీ ప్రతి కుంభకోణం తర్వాతా కింది స్థాయికి చేరింది ‘ఎవరినీ కలవకపోవడమే మేలు’ అన్న ముక్కే.

విచిత్రమేమిటంటే ఆ కాలంలోనే నిబంధన ఎదురు దిశలో నడిచింది. ఫెడరల్ కొనుగోళ్ల నియమావళిలో 15వ భాగాన్ని 1997లో తిరగరాశారు. అవసరాన్ని గుర్తించిన తొలి క్షణం నుంచి ప్రతిపాదనలు అందేదాకా సమాచార మార్పిడిని ప్రోత్సహిస్తున్నామని అందులో నేరుగా ఉంది. పద్ధతుల పేర్లూ ఇచ్చారు: పరిశ్రమ సమావేశాలు, మార్కెట్ పరిశోధన, విడివిడి భేటీలు, సమాచారం కోరుతూ ఇచ్చే ఆర్‌ఎఫ్‌ఐలు, ముసాయిదా టెండర్ పత్రాలు, స్థల సందర్శనలు. ఇన్ని దారులున్నా అధికారి కదలకపోవడానికి కారణం శిక్షలోని అసమానతే. మాట్లాడి ఫిర్యాదు తెచ్చుకున్న అధికారిని పేరు పెట్టి నిలదీస్తారు. మాట్లాడకుండా పనికిరాని వ్యవస్థ కొన్న అధికారిని ఎవరూ అడగరు, నష్టం బడ్జెట్ లెక్కల్లో కలిసిపోతుంది.

ఆ నష్టం చిన్నది కాదు. ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్ల కోసం తలపెట్టిన ‘వర్చువల్ కేస్ ఫైల్’ను సుమారు 170 మిలియన్ డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేసింది. అవసరాల పత్రం 800 పేజీలు దాటింది. అయినా పని సాగుతుండగా మార్పులు ఆగలేదు. పేజీలు పెరిగినంత మాత్రాన అవసరం స్పష్టం కాదు.

స్పష్టత ఎక్కడ తప్పిపోతుందో ఒక్క వాక్యం తీసుకుని చూద్దాం. ‘స్క్రీన్ 2 సెకన్లలో తెరుచుకోవాలి’ అని టెండర్‌లో రాశారనుకోండి. ఒకేసారి ఎంతమంది వాడుతుంటే? లాగిన్ పేజీయా, లక్షల రికార్డులు వెతికే పేజీయా? కొలిచేది సర్వర్ దగ్గరా, మారుమూల కార్యాలయంలోని కంప్యూటర్ దగ్గరా? ఇవేవీ లేకపోతే ఒక కంపెనీ రద్దీ వేళను లెక్కలోకి తీసుకుని ఎక్కువ ధర వేస్తుంది, ఇంకొకటి సగటు వాడకానికి వేసి తక్కువ చూపిస్తుంది. రెండు ధరలూ రెండు వేర్వేరు వస్తువులవి, మూల్యాంకన కమిటీ వాటిని ఒకే పట్టికలో పెడుతుంది. గెలిచేది తక్కువ ఊహించిన కంపెనీ. ఆరు నెలల తర్వాత పని మారిందంటూ మార్పు ఉత్తర్వుల పేరుతో తేడా సొమ్ము అడుగుతుంది. పాత డేటాను కొత్త వ్యవస్థలోకి మార్చే పనిలోనూ ఇదే జరుగుతుంది. రికార్డుల్లో తప్పులు ఎంతశాతమో శాఖ చెప్పదు, కంపెనీ అడగదు, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో కాంట్రాక్ట్‌లో ఉండదు. ఇవన్నీ ముందే ఒక గంట కూర్చుంటే తేలే సంగతులు.

2010 డిసెంబర్‌లో అప్పటి ఫెడరల్ ముఖ్య సమాచార అధికారి వివేక్ కుంద్రా 25 అంశాల ఐటీ సంస్కరణ ప్రణాళిక విడుదల చేశారు. అందులో చివరి రెండూ ఈ మౌనం గురించే. కొనుగోళ్ల చుట్టూ అల్లుకున్న అపోహలను తొలగించే ప్రచారం ఒకటి, టెండర్‌కు ముందే శాఖలూ పరిశ్రమా చర్చించుకునే వేదిక మరొకటి. 2011 ఫిబ్రవరిలో కొనుగోళ్ల విధాన కార్యాలయం అధిపతి డాన్ గోర్డన్ 10 అపోహలకు ఒక్కొక్కదానికీ జవాబిస్తూ మెమో పంపారు. వెండర్‌ను ఒంటరిగా కలవకూడదన్నది మొదటిది. ఎవరికీ పక్షపాతం చూపనంత వరకు కలవవచ్చని మెమో తేల్చింది. ఏడాదిగా మాట్లాడుతూనే ఉన్నాం కాబట్టి బిడ్‌కు కొద్ది రోజుల గడువు చాలన్నది ఇంకో అపోహ. అన్నిటికంటే హాని చేసేది అదే. కొద్ది రోజుల్లో బిడ్ వేయగలిగేది ఇప్పటికే లోపల ఉన్న కంపెనీ ఒక్కటే. 2012లో వచ్చిన రెండో మెమో వెండర్ల వైపు అపోహలను తీసుకుంది. రక్షణ కార్యక్రమాలకు ఏటా అనుమతినిచ్చే చట్టం 2016 సంచికలో 887వ సెక్షన్ పెట్టి, నిర్మాణాత్మక సంభాషణకు అనుమతి ఉందని నియమావళిలో స్పష్టంగా రాయమని అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆదేశించింది. ఉన్న అనుమతినే చట్టం మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే భయం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది.

యూరప్ దారి కొంత వేరు. సంక్లిష్ట కాంట్రాక్టుల కోసం యూరోపియన్ యూనియన్ 2004 ఆదేశంలో ‘పోటీ సంభాషణ’ అనే ప్రత్యేక పద్ధతి తెచ్చారు, అంటే తుది బిడ్లకు ముందే ఎంపికైన కంపెనీలతో పరిష్కారాలు చర్చించడం. 2005 మార్చిలో ఫాబ్రికోమ్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం, సన్నాహక పనిలో పాల్గొన్నారన్న ఒక్క కారణంతో కంపెనీని నేరుగా తొలగించరాదని, తనకు అనుచిత లాభం లేదని నిరూపించుకునే అవకాశం ఇవ్వాలని తీర్పిచ్చింది. 2014 ఆదేశంలోని 40, 41 అధికరణాలు ముందస్తు మార్కెట్ సంప్రదింపులను అనుమతిస్తూ ఇదే సూత్రాన్ని నియమంగా మార్చాయి: ఆ కంపెనీకి తెలిసిన సమాచారం అందరికీ ఇవ్వాలి, తగిన గడువు పెట్టాలి, వేరే మార్గం లేనప్పుడే తొలగించాలి. 2025 ఫిబ్రవరి 24న అమల్లోకి వచ్చిన బ్రిటన్ కొత్త కొనుగోళ్ల చట్టం ఇంకో మెట్టు ఎక్కి, అలాంటి సంప్రదింపులు జరిపితే నోటీసు ప్రచురించమంది, లేదా ఎందుకు ప్రచురించలేదో టెండర్ నోటీసులో చెప్పమంది.

ఆచరణలో సంభాషణ నిలిచేది సమాచారం ఏ దిశలో పోతుందన్న దానిపైనే. ప్రభుత్వం తన అవసరం గురించి ఒకరికి చెప్పింది బిడ్‌కు అవసరమైనదైతే అందరికీ చేరాలి. కంపెనీ తన వ్యాపార రహస్యం గురించి చెప్పింది ఆ గది దాటకూడదు. ఈ తేడా పాటించకపోవడం వల్లే పరిశ్రమ సమావేశాలు చప్పగా ముగుస్తాయి. పక్క కుర్చీలో పోటీదారు ఉండగా అసలు ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే ఉమ్మడి సభ తర్వాత అరగంట, ముప్పావుగంట విడివిడి భేటీలు పెట్టాలి. అందరినీ ఒకే ప్రశ్నలు అడగాలి, కాంట్రాక్ట్ అధికారితో పాటు ఆ పనిని రోజూ చేసే ఉద్యోగి కూడా కూర్చోవాలి, నోట్స్ ఫైల్లో పెట్టాలి. ఆర్‌ఎఫ్‌ఐలో ‘మీ వ్యవస్థ సురక్షితమేనా’ అని అడిగితే అందరూ అవుననే రాస్తారు. ‘ఈ ముసాయిదాలో ధర పెంచే షరతు ఏది, ఏ షరతు ఉంటే మీరు బిడ్ వేయరు’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. టెండర్ వెలువడ్డాక మాత్రం ప్రశ్నలన్నీ కాంట్రాక్ట్ అధికారి ద్వారానే పోవాలి.

అందరూ తేలిగ్గా తీసుకునే సంభాషణ ఇంకొకటి ఉంది. ఎందుకు ఓడిపోయారో ఓడిన కంపెనీకి వివరించడం. అమెరికా పాత నియమావళి ప్రకారం ఫలితం తెలిసిన 3 రోజుల్లో కంపెనీ రాతపూర్వకంగా అడగాలి, వీలైనంతవరకు 5 రోజుల్లో శాఖ వివరించాలి. ఫిర్యాదుకు ఆధారం దొరుకుతుందన్న భయంతో చాలామంది అధికారులు రెండు వాక్యాలతో ముగించేవారు. కారణం తెలియని కంపెనీ కారణం తెలుసుకోవడానికే ఫిర్యాదు వేసేది. రక్షణ శాఖ విషయంలో అదే వార్షిక రక్షణ చట్టం 2018 సంచికలోని 818వ సెక్షన్ దీన్ని మార్చింది. వివరణ విన్నాక కంపెనీ 2 పనిదినాల్లో అదనపు ప్రశ్నలు పంపవచ్చు, శాఖ 5 పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు చేరేదాకా వివరణ ముగిసినట్టు కాదు. 100 మిలియన్ డాలర్లు దాటిన కాంట్రాక్టుల్లో ఎంపిక నిర్ణయ పత్రాన్ని, రహస్య భాగాలు తీసేసి, ఓడిన వారికి ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెప్పింది.